స్టీరింగ్ వదలని మనిషి

ఆయన గురించి రాయమని మా పాస్టరమ్మ చాలాసార్లు చెప్పింది. "నీకు బాగా తెలిసిన మనిషిని గురించి రాయి, మాటలు వాటంతట అవే వస్తాయి" అనేది. నాకు బాగా తెలిసిన మనిషి ఆయనే. అయినా రాయలేదు. ఆయన బతికి ఉన్నప్పుడు నాకు అక్షరాలు రావు. అవి వచ్చాక కూడా రాయలేకపోవడానికి కారణం వేరే ఉంది. ఆయన పోయే ముందు నన్ను ఒక మాట అడిగాడు. ఆ రోజు గాలి ఉందా లేదా అని. నాకు గుర్తు లేదు. ఆ సంగతి తేలకుండా ఆయన గురించి ఏం రాసినా సగం అబద్ధమే అవుతుందనిపించి, పెన్ను తీసి మళ్ళీ పెట్టేసేదాన్ని. పోయిన వారం, గాలి సంగతి కాకపోయినా, ఆయన అసలు అడిగింది తేలింది. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

పేరు మాత్రం రాయను. తన పేరు పదిమంది నోళ్ళలో పడడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. అందరూ కారు వెనక అద్దం మీద పిల్లల పేర్లో దేవుడి పేరో రాయించుకుంటారు. ఆయన కారు అద్దం ఖాళీగా ఉండేది. "ఎనకొచ్చేవోడికి నా పేరెందుకక్కా, నా బ్రేకు లైటు కనపడితే చాలు" అనేవాడు.

ఆయన్ని తలుచుకుంటే ముందు చేతులే కనబడతాయి. ఎక్కడ కూర్చున్నా రెండు చేతులూ ముందుకు చాచి, మధ్యలో పళ్ళెం పట్టేంత ఎడం ఉంచి, ఎదురుగా ఏముంటే దాన్ని పట్టుకునేవాడు. చర్చిలో అయితే ముందు బెంచీ వీపు. టీ అంగట్లో అయితే బల్ల అంచు. ఇంట్లో వాళ్ళావిడ, మా వదిన, అన్నం వడ్డించేదాకా కంచాన్ని కూడా అట్లాగే పట్టుకునేవాడు. "కంచం యాడికీ పోదులే, వదులు" అని ఆమె కసురుకునేది. ఇంకొకటి, ఎవరైనా ఉన్నట్టుండి చెడు కబురు చెబితే ఆయన కుడికాలు నేలని గట్టిగా తొక్కేది. ఫలానా వాళ్ళ పాప పోయిందట అనో, ఫలానా పడవ ఇంకా ఒడ్డుకి రాలేదట అనో అనగానే, ముఖం మారడానికి ముందే కాలు బ్రేకు తొక్కేది.

లారీలు తోలి తోలి నడుము ఒప్పుకోక, నెల్లూరులో ఒక వకీలు చాలాకాలం వాడిన కారు కొని మా పల్లెకి తెచ్చాడు. వెనక డిక్కీ ఉన్న పొడుగు కారు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. మా ఉప్పు గాలికి తలుపుల అడుగంతా తుప్పు పట్టి, తడి తగిలిన కాగితంలా పొరలు పొరలుగా లేచింది. వాకాడు అవతల రొయ్యల షెడ్డులో తలలు తీసే పని మాది. పొద్దున్నే మా ఆడవాళ్ళని ఎక్కించుకుని పోయి, సాయంత్రం తిరిగి తెచ్చేవాడు. మా అందరికన్నా పెద్దవాడైనా ప్రతి ఒక్కరినీ అక్కా అనే పిలిచేవాడు. మరియమ్మ ఒకసారి "నేను నీ కూతురు ఈడుదాన్ని గదన్నా, నన్ను అక్కా అంటావేంది?" అంటే, "సీట్లో కూర్చున్నంతసేపూ అందరూ అక్కలే. దిగినాక చూసుకుందాంలే వరసలు" అన్నాడు.

ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా ఆయనే చెప్పేవాడు. నన్ను ఎప్పుడూ కుడిపక్క, తన వెనకాల కూర్చోమనేవాడు. అది నాకిచ్చే మర్యాద అనుకుని కొన్నాళ్ళు లోలోపల మురిసిపోయాను. మరియమ్మే ఆ మురిపెం తీర్చింది.

"మర్యాదా పాడా! ఈ బండి ఎడమకి లాగతాది. నువ్వు లావుగా ఉండావు. కుడిపక్క కూచుంటే సరిపోతాదని ఆయన లెక్క. నిన్ను బియ్యం బస్తా మాదిరి వాడుకుంటా ఉండాడు మే."

"నిజమేనా అన్నా?" అని అడిగాను.

ఆయన పైన అద్దంలో నన్ను చూసి, "బస్తా అయితే ఇన్ని ప్రశ్నలు అడగదు గదక్కా" అన్నాడు. కారంతా ఒకటే నవ్వు.

ఆ కారుకి ఇంజను మంచిది. రోగాలన్నీ స్టీరింగ్‌లోనే. మొదట స్టీరింగ్‌లో ఖాళీ వచ్చింది. ఆయన ఇటు తిప్పితే, చక్రం కాసేపు ఊరుకుని ఆ తర్వాత తిరిగేది. "చెప్పిన పని ఎంటనే చెయ్యదక్కా, ఆలోచించుకుంటాది" అనేవాడు. దాని వెనకే, గుంటలో పడ్డప్పుడల్లా ముందు చక్రం దగ్గర టక్కు టక్కుమని చప్పుడు. అప్పుడు ఆయన "ష్, మాటలాపండి" అనేవాడు. మేమందరం ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం. "ఏ పక్క?" అని అడిగేవాడు. ఒకామె ఎడమ అంటే ఒకామె కుడి అనేది. తగువు పడేవాళ్ళం. ఇంకో గుంట వచ్చేది, మళ్ళీ అందరం నోళ్ళు మూసుకునేవాళ్ళం. ఎవరి మాట నిజమో గూడూరు మెకానిక్ బండి పైకెత్తి చూశాక తేలేది. చక్రాన్ని తిప్పే కడ్డీ చివర కీలు అరిగిపోయిందని కొత్తది వేశాడు. ఎడమ అన్నది నేనే. ఆ రోజంతా నా నడకే మారిపోయింది.

ఆ తర్వాత స్టీరింగ్ బరువెక్కింది. లోపలి ఆయిల్ ఎక్కడో కారిపోతూ ఉండేది. మలుపు తిప్పినప్పుడల్లా కారు మూలిగేది. కాలవ మలుపు దగ్గర ఆ మూలుగు మరీ ఎక్కువ. తల్లి దగ్గరికి పోనీకుండా కట్టేసిన దూడ అరిచినట్టు ఉండేది. పైపు మార్చి ఆయిల్ పోశాక బరువు తగ్గింది గానీ మూలుగు పూర్తిగా పోలేదు. "ఉండనీలే, మనం వస్తా ఉన్నామని ఇంట్లోవోళ్ళకి తెలస్తాది" అన్నాడు. నిజంగానే, సాయంత్రం కాలవ మలుపులో ఆ చప్పుడు వినగానే మా ఇళ్ళలో పొయ్యి మీద నీళ్ళు పెట్టేవాళ్ళు.

మెయిన్ రోడ్డు మీద వేగం అందుకుంటే స్టీరింగ్ వణికేది. దానికి చక్రాల అంచులకి చిన్న చిన్న సీసం ముక్కలు కొట్టించుకు వచ్చాడు. ఇంకొకసారి, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రావడం మానేసింది. ఉప్పుకి కీలు పట్టేసిందని అదీ బాగు చేయించాడు. ఎడమకి లాగడం కూడా చక్రాల వాటం సరిచేయించాక పోయింది. అయినా నన్ను కుడిపక్క కూర్చోబెట్టడం మాత్రం మానలేదు.

ఇన్ని రోగాలు చూసిన మనిషి, ఒక్క పని మాత్రం చచ్చినా చేసేవాడు కాదు. బండి కదులుతుండగా స్టీరింగ్ మీద నుంచి రెండు చేతులూ తీసేవాడు కాదు. గేరు మార్చినా, హారన్ కొట్టినా ఒక చెయ్యి ఉండాల్సిందే. దాన్ని కూడా వెంటనే తిరిగి తెచ్చి పెట్టేవాడు. ఎదురుగా పాస్టరుగారు వస్తే తలతోనే దండం. ఒకసారి చెవి మీద దోమ వాలింది. "అక్కా, ఎవరన్నా కొంచెం చూడండి" అన్నాడు. మరియమ్మ చాలాకాలంగా ఆ అవకాశం కోసమే ఎదురు చూస్తున్నట్టు చెంప ఛెళ్ళుమనేలా కొట్టింది. కారు వెంట్రుకవాసి కూడా పక్కకి పోలేదు.

"స్టీరింగ్ వదిలినోడు డ్రైవరు కాదక్కా, ప్యాసింజరు" అనేవాడు.

చక్రాల వాటం సరిచేసినప్పుడు, బండి నేరుగా పోతోందని చూపించడానికి మెకానిక్ ఖాళీ రోడ్డు మీద రెండు చేతులూ పైకెత్తాడట. బాగైందో లేదో చూడాలంటే మెకానిక్‌లందరూ చేసేది అదే. ఈయన పక్క సీట్లో నుంచి "చేతులు పెట్టు! చేతులు పెట్టు!" అని కేకలేసి, అడ్డంగా వంగి తనే స్టీరింగ్ పట్టుకున్నాడట. మెకానిక్ భయపడి బ్రేకు తొక్కాడట. ఆ సంగతి ఆయనే మాకు చెప్పాడు, తప్పు మెకానిక్‌దే అన్నట్టు.

ఒక వేసవిలో ఎడమకి లాగడం మళ్ళీ మొదలైంది.

మా పల్లె నుంచి మెయిన్ రోడ్డు దాకా సర్వి తోపుల వెంట, అదే సరుగుడు చెట్ల వెంట, గీత గీసినట్టు పోయే రోడ్డు ఉంది. పోయేటప్పుడు సముద్రం ఎడమ పక్క. ఆ రోడ్డు మీద కారు మెల్లగా ఎడమకి జరిగేది, ఆయన ఉలిక్కిపడి కుడికి తెచ్చేవాడు, మళ్ళీ జరిగేది. ఒక పొద్దున ఎడమ చక్రాలు రెండూ తారు దిగి ఇసుకలో పడ్డాయి. సర్వి కొమ్మలు అద్దాలకి రాసుకున్నాయి. కారులో ఆడవాళ్ళు యేసయ్యా అని అరిచారు. ఆయన బండిని రోడ్డు మీదికి తెచ్చి, చాలా దూరం పోయాక, "లాగతా ఉండాది" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "మీరు చూసినారు గదా, లాగతా ఉండాది" అన్నాడు.

పల్లెలో మాటలు పుట్టాయి. బండిని సముద్రం పిలుస్తోందన్నారు. ఆ వకీలు నీళ్ళలో పడి పోయాడట, అందుకే బండి అటు పోతోందట. ఆ మాట మరియమ్మే ఆయన ముఖం మీద అడిగింది.

"వకీలు నెల్లూరులో నిక్షేపంగా ఉండాడు, మొన్న గూడా ఫోన్ చేసినాడు" అన్నాడు. "పైగా సాయంత్రం వచ్చేటప్పుడు గూడా ఎడమకే లాగతా ఉండాది గదా. అప్పుడు సముద్రం కుడిపక్క గదా. దెయ్యానికి దిక్కులు తెలవవా?"

నవ్వాం. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

గూడూరు పోయి గాలి చూపించుకున్నాడు. టైర్లు అటువి ఇటు, ఇటువి అటు మార్పించాడు. వాటం మళ్ళీ పెట్టించాడు. మెకానిక్ ఒక్కడే బండి తీసుకుని ఓ చుట్టు తిరిగి వచ్చి, "నాకు లాగలేదు. మీరు ఎక్కితేనే లాగతా ఉంది" అన్నాడట. ఆ మాటకి ఆయన మండిపడ్డాడు. ఆ వారమంతా మాతో అదే మాట. "ఆయనకి లాగదంట, నాకు లాగతాదంట! మనిషిని బట్టి గుణం మార్చుకునేదానికి అది బండా, మరియమ్మక్కా?" అనేవాడు. మరియమ్మ ఏదో ఒకటి అంటుందని చూశాం. ఆమె కిటికీలో నుంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఒక్కొక్కరే షేర్ ఆటోకి మారిపోయారు. వాళ్ళని తప్పు పట్టలేం, ఇళ్ళలో పసిపిల్లలున్న వాళ్ళు. "నీ మాట వింటాడు, ఆపమని నువ్వు చెప్పు మే. ఏదన్నా అయినాక చెప్పి ఏం లాభం?" అని మరియమ్మ షెడ్డులో నా పక్కన కూర్చుని రోజూ పోరేది. నేను మాత్రం ఆ కారులోనే పోతూ వచ్చాను. భయం లేక కాదు. ఖాళీ సీట్లతో ఆయన ఒక్కడే ఆ రోడ్డు మీద పోవడం తలుచుకుంటే మనసొప్పేది కాదు.

ఇంకొకటి నేను చూస్తున్నాను. టీ అంగట్లో ఆయన గ్లాసు ఎడమ చేత్తో తీసుకోవడం మొదలుపెట్టాడు. చర్చిలో ముందు బెంచీ వీపు మీద ఎడమ చెయ్యి గట్టిగానే ఉండేది. కుడి చెయ్యి ప్రసంగం సగానికి వచ్చేసరికి కొంచెం కొంచెంగా జారి ఒళ్ళో పడేది. అది పడిన సంగతి ఆయనకి తెలిసేది కాదు. మా షెడ్డులో అట్లాంటి చేతులు చాలా చూశాను. ఐసులో నాని నాని మొద్దుబారిన వేళ్ళు రొయ్యని పట్టుకున్నామనే అనుకుంటాయి, చూస్తే రొయ్య కింద పడి ఉంటుంది. స్టీరింగ్‌కి రెండు పక్కలా రెండు చేతుల బరువు ఉంటుంది. కుడి చెయ్యి పట్టు వదిలితే ఎడమ చేతి బరువుకి స్టీరింగ్ ఎటు తిరుగుతుందో, ఇన్నాళ్ళు ఆ కారులో తిరిగిన నాకు తెలియకపోదు.

ఒక రోజు కారులో నేను ఒక్కదాన్నే. ముందు సీట్లో, ఆయనకి ఎడమ పక్కన కూర్చున్నాను.

"ఏందక్కా, ఈ రోజు బస్తా ముందుకొచ్చింది? అసలే ఎడమకి లాగతా ఉంటే" అన్నాడు.

సర్వి తోపుల రోడ్డు ఎక్కాం. ముందూ వెనకా ఎవరూ లేరు. కారు కొంచెం ఎడమకి జరిగింది, ఆయన సరిచేశాడు.

"అన్నా, ఒకసారి చేతులు వదులు" అన్నాను.

ఆయన కాలు బ్రేకు మీదికి పోయింది. కారు కుదిపి మళ్ళీ కదిలింది.

"ఏందీ?"

"ఒక్కసారి. బండి ఎటు పోతాదో చూద్దాం."

"నాకు లైసెన్సు ఇచ్చిన నాటి నుంచి వదల్లేదక్కా నేను."

"బండే లాగతా ఉంటే ఎడమకి పోతాది. మెకానిక్‌ని పిలిచి నేనే సాక్ష్యం చెప్తా. నువ్వు చెప్పింది నిజమని ఊరంతా చెప్తా."

ఆయన బండిని రోడ్డు నడిమధ్యకి తెచ్చాడు. "పక్కకి పోతే నువ్వు పట్టుకుంటావా?" అన్నాడు.

"నాకు తోలడం రాదు గదన్నా."

"పట్టుకోడం వస్తాది గదా."

నేను చెయ్యి స్టీరింగ్ దగ్గరికి చాచి, తగలకుండా ఉంచాను. ఆయన పెదవులు కదిలాయి, ప్రార్థన కాబోలు. ఎడమ చెయ్యి ముందు తీశాడు. కుడి చెయ్యి తియ్యడానికి కొంచెంసేపు పట్టింది. తీసి రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

కారు నేరుగా పోయింది.

ఒక సర్వి చెట్టు, దాని పక్కన ఇంకో సర్వి చెట్టు, వరసలకి వరసలు వెనక్కి పోతున్నాయి. తారు మధ్యలోని తెల్ల గీత మా కిందికి వస్తూ ఉంది, పక్కకి జరగలేదు. నేను ఎడమకి జరగాలని కోరుకున్నాను. దేవుడి ముందు చెప్పమన్నా ఇదే చెప్తాను. జరిగితే బండిది తప్పని చెప్పి నవ్వుకుంటూ పోయేవాళ్ళం. జరగలేదు. ఆయన యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాడు. కారు తనంతట తను మెల్లగా నెమ్మదించి, రోడ్డు నడుమ తిన్నగా ఆగింది. ఆయన చేతులు మాత్రం మోకాళ్ళ మీద నుంచి తియ్యలేదు.

"ప్యాసింజర్నైపోయినానక్కా" అన్నాడు.

ఆ దారిన వచ్చిన మా ఊరి ఆటో అబ్బిని బతిమాలి కారు ఇంటికి చేర్పించాం. ఆయన వెనక సీట్లో కూర్చున్నాడు. ఆ కారులో ఆయన వెనక కూర్చోవడం అదే మొదటిసారి. దారి పొడుగునా ఆయన కుడికాలు అడుగు రేకుని తొక్కుతూనే ఉంది.

ఆ రోజు తర్వాత మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. కొన్నాళ్ళకి ఆ చెయ్యి పూర్తిగా పడిపోయింది. దాని వెనకే కాలు. నెల్లూరు ఆసుపత్రిలో చూపించి తెచ్చారు. మంచంలో ఉండి, ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకునేవాడు. కుడి చెయ్యిని వదిన తీసి రెండో పట్టె మీద పెట్టేది. అది జారేది, ఆమె మళ్ళీ పెట్టేది. షెడ్డు నుంచి వచ్చి నేను కాసేపు కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం నన్ను దగ్గరికి రమ్మన్నాడు. మాట అప్పటికే ముద్దగా వచ్చేది.

"ఆ రోజు గాలి ఉండిందా అక్కా?"

"ఏ రోజన్నా?"

"చేతులు వదిలిన రోజు. సముద్రం మనకి ఎడమ పక్క గదా. గాలి ఆడ నుంచి కొట్టుంటే బండిని కుడికి నెట్టుంటాది. బండి ఎడమకి లాగతా, గాలి కుడికి నెడతా ఉంటే, చూసేవోళ్ళకి నేరుగా పోయినట్టే ఉంటాది. గాలి ఉండిందా?"

నేను ఆలోచించాను. ఆ తెల్ల గీత గుర్తుంది. ఆయన పెదవులు కదలడం గుర్తుంది. గాలి గుర్తు లేదు.

"గుర్తు లేదన్నా."

"అద్దం దించుంటిమా? నీ కొంగు ఎగిరిందా?"

"గుర్తు లేదు."

"గుర్తు తెచ్చుకో" అన్నాడు. "చెయ్యి ఎట్టాగూ పోయింది, దాని కోసం కాదు. ఆ రోజుకి తప్పు బండిదా, నాదా అని."

ఆ తర్వాత నేను ఎప్పుడు పోయినా ఆయన కళ్ళు అదే అడిగేవి. వదిన నన్ను వాకిట్లోకి పిలిచి, "ఉండిందని చెప్పరాదా. పోయే మనిషి గదా" అంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒక్క టక్కుమనే చప్పుడు వినడానికి కారులో అందరి నోళ్ళూ మూయించిన మనిషి ఆయన. వినని చప్పుడుని విన్నానని ఆయనకి ఎట్లా చెప్పను? చెప్పలేదు. గుర్తూ రాలేదు. ఒకనాటి పొద్దున వదిన కబురు పంపింది.

సర్వి తోపు పక్కన ఇసుకలో మా సమాధుల తోట ఉంది. అక్కడే పెట్టాం. వదిన కొన్నాళ్ళకి కారు అమ్మేసి వాళ్ళ చెల్లెలి దగ్గరికి బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆయన ప్రశ్న మిగిలింది. ఏ వీధిలో ఏ బండి మూలిగినా తల తిప్పేదాన్ని. వాకిట్లో బట్టలు ఆరేస్తుంటే గాలికి కొంగు లేస్తుంది చూడండి, అప్పుడల్లా చేతిలో బట్ట అట్లాగే పట్టుకుని నిలబడిపోయేదాన్ని. ఎగిరిందా, ఇట్లా ఎగిరిందా ఆ రోజు? కలలో కారు చేతులు లేకుండా పోతూ ఉండేది. నేను ఎంత మెడ తిప్పినా సర్వి చెట్ల కొసలు కనబడేవి కావు. అవి ఊగుతున్నాయో లేదో చూడకముందే మెలకువ వచ్చేది.

సమాధుల పండక్కి పూలూ కొవ్వొత్తులూ తీసుకుని పోయేదాన్ని. గుర్తుపెట్టుకున్న సిలువ దగ్గర కూర్చుని, "ఇంకా గుర్తు రాలేదన్నా" అని చెప్పి వచ్చేదాన్ని. ఒక ఏడాది పాస్టరమ్మ నా పక్కన నిలబడి, "ఈ అమ్మ నీకేమవుతుంది?" అని అడిగింది. నేను ఎవరో ముసలమ్మకి మొక్కుతున్నాను. ఆయన సిలువ అవతలి వరసలో ఉంది. ఇసుక ఎగిరొచ్చి సమాధుల రూపులు మారిపోతే, సిలువ మీద పేరు చదవలేని నేను ఎవరికో చెప్పుకుని వస్తున్నాను. ఆ ఆదివారమే పాస్టరమ్మని అడిగాను, నాకు అక్షరాలు నేర్పమని. నేను నేర్చుకున్న మొదటి పేరు ఆయనదే.

పోయిన వారం వాకాట్లో బస్సు కోసం నిలబడి ఉంటే ఆ మూలుగు వినబడింది. చూడకముందే తెలిసింది నాకు. కారుకి బూడిద రంగు వేశారు. వెనక అద్దం మీద ఇద్దరు పిల్లల పేర్లు ఉన్నాయి, చదివాను. తలుపుల అడుగున రంగు కింద నుంచి తుప్పు మళ్ళీ లేస్తోంది. తోలుతున్నది మనుబోలు మనిషి, నా కొడుకు వయసు వాడు. మా పక్క రొయ్యల చెరువులకి మనుషుల్ని తిప్పుతున్నాడట.

"రా అవ్వా, యాడికి?" అన్నాడు.

ఎక్కకుండా అడిగాను. "నాయనా, ఇది ఎడమకి లాగతాదా?"

"లేదే. మూలుగుతాది అంతే."

"స్టీరింగ్‌లో ఏమన్నా మార్పించినావా?"

"టైర్లు మార్చినా. స్టీరింగ్ జోలికి పోలా. మెకానిక్ చూసి, దీన్ని ఎవరో చంటిబిడ్డ మాదిరి చూసుకున్నారు, ముట్టుకోవద్దు అన్నాడు. ఏం అవ్వా, నీదా ఈ బండి?"

"నాది కాదు. నేను ఇందులో బస్తాని" అన్నాను. అతనికి అర్థం కాలేదు.

అప్పుడు సాయంత్రం. సముద్రం మీది గాలి గట్టిగా వీస్తూ ఉంది. నా కొంగు ఒంటి మీద నిలవడం లేదు. "రేపు పొద్దున్నే, గాలి లేవకముందు, మా ఊరికి రాగలవా?" అని అడిగాను. నన్ను ఎగాదిగా చూసి, వస్తానన్నాడు.

మర్నాడు పొద్దున తలుపు తీసి ముందు చూసింది చెట్లనే. ఒక్క ఆకు కదలడం లేదు. కారు కాలవ మలుపులో మూలిగి, మా వాకిట ఆగింది. ముందు సీట్లో, ఎడమ పక్కన కూర్చున్నాను. అద్దం దించాను. సర్వి తోపుల రోడ్డు ఎక్కాక సరిగ్గా ఆ చోటే, "నాయనా, నడిమధ్యకి తెచ్చి ఒకసారి చేతులు వదులు" అన్నాను.

"ఇంతేనా? దీనికా ఇంత దూరం రమ్మన్నావు?" అని నవ్వి, రెండు చేతులూ తీసేసి తల వెనక పెట్టుకున్నాడు.

సర్వి కొసలు చూశాను. కదలడం లేదు. కొంగు చూసుకున్నాను. ఒళ్ళో పడి ఉంది. తెల్ల గీత మా కిందికి వస్తూ ఉంది, వస్తూనే ఉంది. కారు నేరుగా పోయింది. గాలి లేకుండానే, ఎవరూ పట్టుకోకుండానే, నేరుగా పోయింది.

"చూసినావా అవ్వా!"

"చేతులు పెట్టు నాయనా, చేతులు పెట్టు" అన్నాను.

సమాధుల తోట దగ్గర ఆపమన్నాను. పేర్లు చదువుకుంటూ అవతలి వరసకి పోయాను. ఆయన సిలువ దగ్గర, కుడి చెయ్యి ఉండే పక్కన ఇసుకలో కూర్చున్నాను. చెప్పాల్సింది తీపి మాట కాదు. అయినా అడిగిన మనిషికి జవాబు చెప్పాలి.

"అన్నా, ఆ రోజు గాలి ఉండిందో లేదో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. ఇవాళ మాత్రం లేదు. అయినా నేరుగానే పోయింది. నువ్వు చేయించిందంతా సరిగ్గానే ఉండాది. బండిలో తప్పు లేదన్నా, ఒక్క తప్పు గూడా మిగల్చలేదు నువ్వు."

ఇసుక ఇంకా చల్లగా ఉంది. నా అరచెయ్యి దాని మీద పెట్టాను.

"చేతులు వదులన్నా. నేరుగానే పోతా ఉండాది."

చెయ్యి కాసేపు అట్లాగే ఉంచి, తీసేశాను.